కోరస్ వరసలో చోటు

బ్రిటన్‌లో ఊరూరా ఔత్సాహిక సంగీత నాటక సమాజాలు వెలసింది పందొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్లలో. వాటిని ఆపరాటిక్ సొసైటీలు అనేవారు. బ్యాంకు గుమస్తాలు, బడి పంతుళ్లు, దుకాణదారులు, వకీళ్లు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు వాటిలో సభ్యులు. ఏడాదికి ఒక సంగీత నాటకం వేయడం ఆనవాయితీ. శరత్కాలంలో రిహార్సళ్లు మొదలుపెట్టి, వారానికి ఒకటి రెండు సాయంత్రాలు కూడుతూ, వసంతకాలంలో నాటకం ఆడేవారు. రిహార్సళ్లు నెలల తరబడి సాగేవి, ప్రదర్శన మాత్రం ఐదారు రోజుల్లో ముగిసేది. ముఖ్యపాత్రలు ఎనిమిదో పదో ఉంటే కోరస్‌లో ముప్ఫై నలభై మంది నిలబడేవారు. వీళ్లలో చాలామంది పేరు గోడపత్రిక మీదికి ఎక్కదు, ఒంటరిగా ఒక్క చరణం పాడే అవకాశమూ రాదు. అయినా చందా కట్టి, చలిలో నడిచి వచ్చి, ఇరవై ముప్ఫై ఏళ్లపాటు ఆ వరస వదలని వాళ్లు ప్రతి సమాజంలోనూ ఉన్నారు. వాళ్లను అక్కడికి రప్పించింది ప్రదర్శన కన్నా రిహార్సలే అనడానికి ఈ సమాజాల చరిత్రలో చాలా ఆధారం దొరుకుతుంది.

ఆ చరిత్ర నాటకశాలలో మొదలు కాలేదు. దాని వేళ్లు చర్చిలో, ఆదివారపు బడిలో ఉన్నాయి. 1841లో హల్ నగరంలో ఆదివారపు బడి ఉపాధ్యాయులు ఒక సమావేశం జరుపుకుని, పిల్లలకు పాట నేర్పడానికి అన్నిటికన్నా తేలికైన పద్ధతి కనిపెట్టమని జాన్ కర్వెన్ అనే యువ మతబోధకుడికి పని అప్పగించారు. నార్విచ్‌లో సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయురాలు అప్పటికే వాడుతున్న పద్ధతిని ఆయన తీసుకుని, మార్పులు చేసి, టానిక్ సోల్‌ఫా పేరుతో దేశమంతా ప్రచారం చేశాడు. అందులో డో, రే, మి అనే స్వరాలకు స్థిరమైన శ్రుతి ఉండదు. పాట ఏ శ్రుతిలో ఉంటే అక్కడే డో నిలుస్తుంది. మన ఆధార షడ్జమం ఎక్కడ పెడితే అక్కడి నుంచి సరిగమలు లెక్కకు రావడం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఐదు గీతల స్వరలిపి చదవడం రానివాళ్ల కోసం పాటను మామూలు అక్షరాలతోనే అచ్చువేసేవారు. ప్రత్యేకమైన చెక్కుడుపని అక్కర్లేదు కాబట్టి కాగితం ఖర్చుకే పుస్తకం తయారయ్యేది. ఇదే సమయంలో, 1840లలో, నొవెల్లో ప్రచురణ సంస్థ పెద్ద బృందగాన కృతులను చిన్న సైజులో, చవక ధరకు అచ్చువేయడం మొదలుపెట్టింది. అంతకుముందు స్వరగ్రంథం కొనడం ధనికులకే సాధ్యం. ఇప్పుడు నేతమిల్లులో పనిచేసే మనిషి కూడా హేండెల్ ‘మెస్సయ్య’ను సొంతంగా కొని చంకలో పెట్టుకుని తిరగగలిగాడు.

పాడడానికి తీరిక చట్టం వల్ల వచ్చింది. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకు, చిన్నవాళ్లకు శనివారం మధ్యాహ్నం రెండు గంటలకే పని ముగించాలని నిర్ణయించింది. ఆ ఆచారం క్రమంగా మిగతా పనులకూ పాకింది. హడర్స్‌ఫీల్డ్ కోరల్ సొసైటీ 1836లోనే పుట్టి యార్క్‌షైర్ గాయకుల పేరు నిలబెట్టింది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1859లో హేండెల్ శతవర్ధంతి ఉత్సవానికి రెండు వేలకు పైగా గొంతులు ఒక్కసారిగా పాడాయి. శతాబ్దం మూడో పాదం ముగిసేసరికి బ్రిటన్‌లో లక్షల మందికి నాలుగు గొంతులుగా కలిసి పాడడం వచ్చు. రంగం మీద ఆడుతూ పాడడానికి మాత్రం వాళ్లకు తగిన నాటకం లేదు. ఉన్నా, నాటకశాల గడప తొక్కడాన్ని మర్యాద గల కుటుంబాలు తలవంపుగా భావించేవి.

ఆ రెండు అడ్డంకులనూ తొలగించింది డబ్ల్యూ.ఎస్. గిల్బర్ట్, ఆర్థర్ సల్లివన్ జంట. గిల్బర్ట్ మాటలు రాస్తే సల్లివన్ స్వరాలు కట్టేవాడు, రిచర్డ్ డి'ఓయ్లీ కార్ట్ నిర్మాత. 1875లో వచ్చిన ‘ట్రయల్ బై జ్యూరీ’ ముప్పావుగంటలోపు ముగిసే చిన్న కృతి. అందులో మాటలు లేవు, అంతా పాటే. న్యాయస్థానంలో కూర్చున్న జ్యూరీ సభ్యులు, తమాషా చూడవచ్చిన జనం, పెళ్లికూతురి చెలికత్తెలు అంతా కోరస్. 1878లో ‘హెచ్.ఎం.ఎస్. పినాఫోర్’ మొదటి విడతలో 571 ప్రదర్శనలు ఆడింది. 1885 నాటి ‘ది మికాడో’ 672కు చేరింది. లండన్‌లో డి'ఓయ్లీ కార్ట్ కట్టించిన సవాయ్ నాటకశాల 1881లో తెరుచుకుంది. అక్కడి క్రమశిక్షణ ఎంత కఠినమంటే మగవాళ్ల అలంకరణ గదులు ఒక పక్క, ఆడవాళ్లవి మరో పక్క ఉండేవి. బోర్డింగు బడి అని ఎగతాళి చేసినా, ఆ పేరే మేలు చేసింది. పాస్టరు కూతురు కూడా ఈ నాటకాలు చూడవచ్చని, చూడడమే కాదు పాడవచ్చని జనం నమ్మారు.

అంతకుముందు సంగీత నాటకాల్లో కోరస్ అంటే వెనక వరసలో నిలబడి నాయకుడి చివరి మాటను రెట్టించే గుంపు. గిల్బర్ట్ ఆ గుంపుకు వ్యక్తిత్వం ఇచ్చాడు. ‘పినాఫోర్’లో మగవాళ్లు ఒకే ఓడ మీది నావికులు. ‘ఐయోలాంతే’లో మగవాళ్లంతా ప్రభువుల సభ సభ్యులు, ఆడవాళ్లంతా దేవకన్యలు. ‘పేషెన్స్’లో ఒకవైపు కవి కోసం నిట్టూర్చే కన్యలు, మరోవైపు వాళ్లను చూసి మతిపోయిన సైనికులు. ఈ గుంపు లేకపోతే కథ కదలదు. పైగా గిల్బర్ట్ రిహార్సల్‌కు రాకముందే ఇంట్లో రంగస్థలం నమూనా పెట్టుకుని, దాని మీద చెక్కముక్కలను మనుషులుగా జరుపుతూ ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో తేల్చుకునేవాడు. వెనక వరస మనిషికీ చేయడానికి ఒక పని ఉండేది.

సల్లివన్ చేసిన మేలు ఇంకా లోతైనది. ఒక గుంపు ఒక పాట పాడుతుంది, ఇంకో గుంపు పూర్తిగా వేరే పాట పాడుతుంది, ఆ తర్వాత రెండు పాటలూ ఒకేసారి వినిపిస్తాయి. రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. ‘పైరేట్స్ ఆఫ్ పెంజాన్స్’లో భయంతో వణికే పోలీసులకు ఒక పాట, వాళ్లను వీరస్వర్గానికి సాగనంపే అమ్మాయిలకు ఇంకో పాట ఉన్నాయి. అదే నాటకంలో ప్రేమికులిద్దరూ మూడు మాత్రల వాల్ట్జ్ పాడుతుంటే చుట్టూ ఉన్న చెల్లెళ్లు రెండు మాత్రల లెక్కలో వాతావరణం గురించి కబుర్లాడతారు. ఇలాంటి పాటను మగవాళ్లు ఒక గదిలో, ఆడవాళ్లు ఇంకో గదిలో వారాల తరబడి విడివిడిగా నేర్చుకుంటారు. రెండు గుంపులనూ మొదటిసారి కలిపే సాయంత్రం సమాజంలో అందరూ ఎదురుచూసే సాయంత్రం. ప్రేక్షకుడికి ఆ పాట పూర్తయిన రూపంలోనే చెవిన పడుతుంది. రెండు సగాలు అతకడం విన్నవాళ్లు పాడినవాళ్లు మాత్రమే.

కోరస్ మాట చెల్లిన సందర్భం వృత్తి నాటకశాలలోనూ ఒకటి ఉంది. ‘మికాడో’ తొలి ప్రదర్శన దగ్గరపడ్డాక మికాడో పాత్రధారి రిచర్డ్ టెంపుల్ పాడే ముఖ్యమైన పాటను గిల్బర్ట్ తీసేయాలనుకున్నాడు. కోరస్ వాళ్లు వెళ్లి, ఆ పాట ఉంచమని ఆయన్ని బతిమాలారు. ఆయన ఒప్పుకున్నాడు. నాటకం మొత్తంలో అందరికీ గుర్తుండే పాటల్లో అదొకటి అయింది. రిహార్సళ్లలో ఒక కృతిని పదేపదే విన్నవాళ్లకు దాని బలం ఎక్కడుందో రచయిత కన్నా బాగా తెలుస్తుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మైక్ లీ 1999లో తీసిన ‘టాప్సీ-టర్వీ’ సినిమాలో ఈ ఘట్టం కనిపిస్తుంది.

1879 నాటికే ఔత్సాహికులు గిల్బర్ట్ సల్లివన్ కృతులను వేయడం మొదలుపెట్టారు. హక్కులన్నీ డి'ఓయ్లీ కార్ట్ సంస్థ చేతిలో ఉండేవి. అనుమతికి రుసుము కట్టాలి, వాద్యబృందానికి స్వరపత్రాలు అద్దెకు తెచ్చుకోవాలి, మాట మార్చకూడదు. సవాయ్ రంగస్థలం మీద జరిగిన కదలికలనే ఊళ్లలోనూ అనుసరించేవారు. ఈ పట్టు గిల్బర్ట్ చనిపోయిన యాభై ఏళ్లకు, 1961 చివర కాపీరైటు ముగిసేదాకా సాగింది. కట్టుబాటు వల్ల కొత్తదనం తగ్గింది, నిజమే. కానీ లాభమూ ఉంది. డర్హమ్‌లో ‘మికాడో’ కోరస్‌లో పాడిన మనిషి ఉద్యోగం మారి డెవన్ వెళ్లినా అక్కడి సమాజంలో మొదటి రోజే చేరిపోయి అదే పాట, అదే అడుగులతో నిలబడగలిగేవాడు. 1899లో ఈ సమాజాలన్నిటికీ నేషనల్ ఆపరాటిక్ అండ్ డ్రమాటిక్ అసోసియేషన్ అనే ఉమ్మడి సంఘం ఏర్పడింది. అది ఇప్పటికీ పనిచేస్తోంది.

ఈ సమాజాల రిహార్సల్ పద్ధతి నూరేళ్లకు పైగా పెద్దగా మారలేదు. మొదటి సాయంత్రం చర్చి హాలులోనో బడి గదిలోనో కుర్చీలు అర్ధచంద్రంగా వేస్తారు. ఆడవాళ్లలో పైగొంతు సొప్రానోలు, లోగొంతు ఆల్టోలు, మగవాళ్లలో పైగొంతు టెనార్లు, లోగొంతు బాస్‌లు ఎవరి చోట వాళ్లు కూర్చుంటారు. టెనార్ల కుర్చీలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. ఆ కొరత ఈ సమాజాలతోపాటే పుట్టింది, చాలాచోట్ల లోగొంతు గల ఆడవాళ్లే ఆ లోటు పూడుస్తారు. అద్దెకు తెచ్చిన పాత స్వరపుస్తకాలు పంచుతారు. వాటి నిండా ఇంతకుముందు వాడినవాళ్లు పెన్సిలుతో పెట్టిన గుర్తులుంటాయి. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ పాడకుండా ఆగాలో, ఎక్కడ డైరెక్టరు కేకలేస్తాడో ఆ గీతలే చెబుతాయి. పియానో దగ్గర కూర్చున్న మనిషి ఒక్కో గొంతుకూ స్వరం కొట్టి చూపిస్తూ ఎనిమిది ఆవర్తాల చొప్పున నేర్పిస్తాడు.

ఈ దశలో అందరికన్నా విసుగు ఆల్టోలకు. సొప్రానోలకు రాగం దక్కుతుంది, బాస్‌లకు పునాది దక్కుతుంది. ఆల్టోలకు చాలాసార్లు ఒకే స్వరం మీద నాలుగు ఆవర్తాలు నిలబడే పని పడుతుంది. విడిగా పాడితే అది పాటలా కూడా ఉండదు. నాలుగు గొంతులూ కలిపి పాడిన క్షణంలో ఆ ఒక్క స్వరమే మొత్తానికి రంగు ఇస్తుందని తెలుస్తుంది. ‘పైరేట్స్’ మొదటి అంకంలో వాద్యాలన్నీ ఆగిపోయి కోరస్ ఒక్కటే కవిత్వానికి జేజేలు పలికే ఘట్టం ఒకటి ఉంది. మామూలు చర్చి హాలులో, కోట్లు విప్పని మనుషులు పాడినా అది గది పైకప్పును తాకుతుంది. నాటకశాలలో తెరల మధ్య, దుస్తుల బరువుతో పాడినప్పుడు ఆ మోత కొంత తగ్గిపోతుందని అనుభవజ్ఞులు చెప్పడం పరిపాటి.

పాట వచ్చాక కదలికలు మొదలవుతాయి. నేల మీద రంగు టేపు అంటించి రంగస్థలం కొలతలు గుర్తిస్తారు. రెండు కుర్చీలు ఓడ అవుతాయి, బల్ల న్యాయపీఠం అవుతుంది. అంతవరకు చక్కగా వచ్చిన పాట ఎడమకాలు ముందు పెట్టమనగానే చెదిరిపోతుంది. ఆ తర్వాత పుస్తకాలు కింద పెట్టాల్సిన రోజు వస్తుంది. గిల్బర్ట్ రాసిన గుక్కతిప్పుకోనివ్వని ప్రాసల్లో మాట మరిచినవాళ్లు నోరు మాత్రం కదుపుతూ పక్కవాళ్ల మీద ఆధారపడతారు. ఇలా ఆధారపడడానికి వీలుండడమే కోరస్ ప్రత్యేకత. ముఖ్యపాత్రధారి తప్పు చేస్తే అందరికీ తెలుస్తుంది. కోరస్‌లో తప్పు పక్కవాడి గొంతులో కలిసిపోతుంది, ఇవాళ వాడు కాచినదాన్ని రేపు వీడు కాస్తాడు. మధ్యలో టీ విరామం. సమాజం రాజకీయాలు, పాత్రల పంపకం మీద అలకలు, వచ్చే ఏడు ఏ నాటకం వేయాలన్న వాదాలు ఆ పావుగంటలోనే నడుస్తాయి. ఈ సమాజాల్లో కుదిరిన పెళ్లిళ్లకు లెక్క లేదు.

చివరి వారంలో గాయకులు మొదటిసారి వాద్యబృందంతో కలుస్తారు. నటన లేకుండా కూర్చుని పాడే ఈ కూర్పును జర్మన్ పేరుతో సిట్స్‌ప్రోబ్ అంటారు. నెలల తరబడి ఒక్క పియానో మీద విన్న పాటకు తీగవాద్యాలు, బాకాలు, డోళ్లు ఒక్కసారిగా తోడవుతాయి. తర్వాత దుస్తుల రిహార్సల్, అది అర్ధరాత్రి దాటడం, ఎవరి టోపీయో దొరక్కపోవడం అన్నీ మామూలే.

ఇదే కాలంలో తెలుగునాట కూడా ఔత్సాహిక సమాజాలు పుట్టాయి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సరస వినోదినీ సభను నడిపించారు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ‘కన్యాశుల్కం’ ప్రదర్శించింది. ఇక్కడా సభ్యులు వకీళ్లు, ఉపాధ్యాయులు, గుమస్తాలే. కానీ పద్యనాటకం దారి వేరు. హార్మోనియం పక్కన ఒక్క నటుడు పద్యం ఎత్తుకుని రాగం సాగదీస్తే జనం వన్స్‌మోర్ అంటారు. అందరూ కలిసి పాడేది ప్రార్థనలోనే. అందువల్ల తెలుగు రిహార్సల్ ఒక గురువు ఒక నటుడికి పద్యం పలికించే శిక్షణగా సాగింది. ఇంకో తేడా, ఆడవేషాలు మగవాళ్లే వేసేవారు. స్త్రీలు రంగస్థలం మీదికి రావాలని బళ్లారి రాఘవ ఆ తర్వాతి తరంలో పట్టుబట్టాల్సి వచ్చింది. బ్రిటన్ సమాజాల్లో సగం గొంతులు మొదటి నుంచీ ఆడవాళ్లవే. యువతీయువకులు పెద్దల కళ్లెదుట మర్యాదగా కలుసుకునే చోటు కావడం కూడా ఆ రిహార్సల్ గదులు నిండడానికి ఒక కారణం.

ఇరవయ్యో శతాబ్దంలో సమాజాల పాటల పెట్టె పెద్దదైంది. ఎడ్వర్డ్ జర్మన్ స్వరపరిచిన ‘మెర్రీ ఇంగ్లండ్’ 1902లో సవాయ్‌లోనే వచ్చింది. మొదటి ఎలిజబెత్ కాలం కథ కావడంతో 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకం ఏడు దేశమంతా సమాజాలు పోటీపడి దాన్ని వేశాయి. ‘ది మెర్రీ విడో’ 1907లో లండన్ చేరింది. ప్రపంచ యుద్ధాలు రెండూ మగ గొంతులను తీసుకుపోయాయి, చాలా సమాజాలు తలుపులు మూసి యుద్ధం ముగిశాక మళ్లీ తెరిచాయి. యార్క్‌లో మిఠాయి కర్మాగారం కార్మికుల కోసం 1935లో కట్టిన జోసెఫ్ రౌంట్రీ థియేటర్‌లో ఇప్పటికీ ఔత్సాహికులే ఎక్కువగా ఆడుతున్నారు.

1947లో ‘ఒక్లహోమా!’ లండన్‌కు వచ్చాక కోరస్ పని మారింది. అంతవరకు సంగీత నాటకం తెర ఎక్కువగా గుంపు పాటతోనే లేచేది. ఇందులో తెర లేచేసరికి ఒక ముసలమ్మ ఒంటరిగా వెన్న చిలుకుతూ ఉంటుంది, పాట తెర వెనక నుంచి ఒక్క గొంతులో వినిపిస్తుంది. కోరస్ ఆలస్యంగా వస్తుంది, వచ్చాక నాట్యం చేయాలి. మోకాళ్ల నొప్పులున్న బాస్ గాయకులకు ఇది కష్టకాలమే. అమెరికన్ సంగీత నాటకాల కోసం కొత్త సమాజాలు పుట్టాయి. పాతవి గిల్బర్ట్ సల్లివన్‌కే కట్టుబడ్డాయి, లేదంటే రెండూ చెరో ఏడు వేసుకున్నాయి. 1982లో డి'ఓయ్లీ కార్ట్ కంపెనీ మూతపడ్డాక ఆ కృతులను బతికించే భారం చాలావరకు ఔత్సాహికుల మీదే పడింది. 1994లో బక్స్‌టన్‌లో మొదలైన అంతర్జాతీయ గిల్బర్ట్ సల్లివన్ ఉత్సవానికి వాళ్లే ఆధారం. ఫిలడెల్ఫియాలో 1901లో పుట్టిన సవాయ్ కంపెనీ, డబ్లిన్‌లో 1913 నాటి రాత్‌మైన్స్ అండ్ రాత్‌గర్ మ్యూజికల్ సొసైటీ ఇదే సంప్రదాయానికి సముద్రం అవతలి కొమ్మలు.

ఈ సమాజాల లోపలి జీవితం మీద అలన్ ఐక్‌బోర్న్ 1984లో ‘ఎ కోరస్ ఆఫ్ డిసప్రూవల్’ అనే హాస్యనాటకం రాశాడు. ఒక చిన్న ఊరి సమాజం 1728 నాటి ‘ది బెగ్గర్స్ ఆపరా’ను రిహార్సల్ చేస్తుంటుంది. ఒంటరితనం భరించలేక చేరిన ఒక కొత్త మనిషికి మొదట ఒక్క మాట పాత్ర దొరుకుతుంది. మిగతావాళ్లు ఒక్కొక్కరే తప్పుకోవడంతో అతను నాయకుడి పాత్రదాకా ఎదుగుతాడు. ఐక్‌బోర్న్ ఎగతాళి పదునైనదే, కానీ ఆ మనిషి ఎందుకు చేరాడన్న ప్రశ్న దగ్గర ఆయన నవ్వలేదు.

ఆ ప్రశ్నను పరిశోధకులూ ఇటీవల చేపట్టారు. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు, కలిసి పాడేవాళ్ల ఊపిరి ఒకే లయలో పడడం వల్ల గుండె కొట్టుకునే తీరు కూడా ఒకేలా హెచ్చుతగ్గులు అవుతుందని చూపించారు. 2015లో ఆక్స్‌ఫర్డ్ బృందం పాట, చేతిపని, రచన నేర్పే సాయంకాలపు తరగతులను నెలల తరబడి పోల్చి చూసింది. చివరికి మూడు తరగతుల్లోనూ స్నేహాలు కుదిరాయి. కానీ ముక్కూమొహం తెలియని మనుషులు తొందరగా దగ్గరైంది పాట తరగతిలోనే.

2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు అన్నిటికన్నా ముందు ఆగిపోయిన వాటిలో మూసిన గదిలో కలిసి పాడడం ఒకటి. ఊపిరి ద్వారా సోకే జబ్బుకు రిహార్సల్ హాలుకన్నా అనువైన చోటు లేదు. సభ్యులు కంప్యూటర్ల ముందు కూర్చుని మైకులు మూసుకుని ఎవరి పాట వాళ్లు పాడుకున్నారు. అంతర్జాలంలో శబ్దం వెనకబడడం వల్ల నాలుగు గొంతులు ఒక్క క్షణంలో కలవడం సాధ్యం కాలేదు. ఇంగ్లండ్‌లో 2021 మే నెలలో నాటకశాలలు, పానశాలలు తెరుచుకున్నా, గదుల్లో ఔత్సాహికులు ఆరుగురికి మించి కలిసి పాడకూడదన్న నిబంధన వచ్చింది. వృత్తి గాయకులకు ఆ పరిమితి లేదు. పాడేవాళ్ల సంఘాలు దాని మీద గట్టిగా నిరసన తెలిపాయి. 2021 జులై 19న ఆ నిబంధన ఎత్తివేశారు. ఆ శరత్కాలంలో సమాజాలు మళ్లీ చర్చి హాళ్లలో కుర్చీలు వేసుకుని రిహార్సళ్లు మొదలుపెట్టాయి.